గచ్చుకు గండం కింది నుంచే

కోనసీమలో కొత్త కారు షెడ్డు కడుతున్నారా? పైపూత గురించి ఆలోచించే ముందు అడుగున ఏముందో చూసుకోండి.

ఏప్రిల్‌లో కాంక్రీటు పోసిన కారు షెడ్డు మే నెలాఖరుకు చూడముచ్చటగా ఉంటుంది. ఎక్కడా తడి మచ్చ ఉండదు. గచ్చంతా ఒకే రంగు తేరి, తాపీ పిడితో కొడితే ఖంగుమంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అబ్బాయి వీడియో కాల్‌లో చూసి, "నాన్నా, ఇంకా ఆలస్యం ఎందుకు, ఎపాక్సీ వేయించేయండి. ఇక్కడ మా గ్యారేజీకి అదే వేయించాం" అంటాడు. కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో పనివాళ్లు వస్తారు. రెండు మూడు రోజుల్లో గచ్చు తళతళలాడుతుంది. చుట్టాలు చెప్పులు విప్పి మరీ అడుగు పెడతారు.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు. వర్షాలు పడతాయి, ఊడ్పులు అవుతాయి. ఆగస్టులో ఒక పొద్దున కారు బయటికి తీసి చూస్తే ఆ తళతళ మీద అక్కడక్కడ బొబ్బలు కనిపిస్తాయి. కొన్ని పెసరగింజంత, కొన్ని రూపాయి బిళ్లంత. గోటితో చిదిమితే లోపలి నుంచి నీళ్లు వస్తాయి. వేళ్ల మధ్య రుద్దితే సబ్బు నీళ్లలా జారతాయి, చేతికి చిన్న పుండుంటే మండుతాయి. సిమెంటులోని క్షారాన్ని కరిగించుకుని కింది నుంచి పైకి వచ్చిన నీరది. దారి మూసేసరికి పూతను పైకి తన్నింది.

పనివాళ్ల మీద కోపం వస్తుంది. కంపెనీ డబ్బా మీదకు పోతుంది. చాలాసార్లు ఇద్దరి తప్పూ ఉండదు. ఆ గచ్చు మే నెలలో నిజంగానే పొడిగా ఉంది. కానీ కోనసీమలో మే నెల పొడి ఏడాది పొడవునా ఉండే పొడి కాదు.

మూడు పక్కలా ఏరు, నాలుగో పక్క సముద్రం

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య, బంగాళాఖాతం ఒడిలో ఉన్న నేల ఇది. ఎక్కడ గొయ్యి తవ్వినా కొద్ది అడుగుల్లోనే నీరు పడుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ నీటి మట్టం కిందికి దిగుతుంది. కాలువలు పారి, చేలు నిండి, చెరువులు పొంగే రోజుల్లో మళ్లీ పైకి వస్తుంది. ఇంటి పునాది పక్కన బోదె పారుతుంటే ఇక చెప్పక్కర్లేదు. మన గచ్చు కింది మట్టి ఏడాదికి ఒకసారి ఎండి, ఒకసారి నానుతుంది.

అమెరికాలో కారు షెడ్డు గచ్చుకు పైపూత అంత అవసరం ఎందుకైంది? మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. కారు ఆ ఉప్పు నీటిని టైర్లకు, చక్రాల గూళ్లకు అంటించుకుని ఇంటికి తెస్తుంది. గచ్చు రంధ్రాల్లోకి ఇంకిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బి, పైపొరను పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది. అక్కడ శత్రువు పైనుంచి వస్తాడు, కాబట్టి పైన కాపలా పెడతారు. కింది చెమ్మ సంగతి కాంక్రీటు పోసే రోజునే చూసుకుంటారు. మట్టికీ కాంక్రీటుకూ మధ్య ప్లాస్టిక్ షీటు పరచడం అక్కడ చాలాచోట్ల ఉన్న పద్ధతి. అబ్బాయి తన గ్యారేజీలో చూసింది పైపూత. కింద పరిచిన షీటు అతని కంటికీ కనబడదు, మనకీ కనబడదు. మన దగ్గర ఆ షీటు లేకుండా ఆ పూత మాత్రమే దిగుమతి అవుతోంది.

కోనసీమంతా ఒక్క తీరుగానూ లేదు. కొత్తపేట, ఆత్రేయపురం వైపు ఒండ్రు నేల, సాధారణంగా తియ్యటి నీరు. అక్కడ చెమ్మ ఉన్నా అందులో ఉప్పు తక్కువ, భయమంతా వరదదే. అమలాపురం చుట్టుపక్కల వీధి వీధికీ నీటి రుచి మారుతుంది. రాజోలు దాటి మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వెళ్లేకొద్దీ బోరు నీరు ఉప్పన. శంకరగుప్తం డ్రెయిన్ పొడుగునా సముద్రపు పోటు నీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మొవ్వు వాల్చి మోడులవుతున్న సంగతి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఆ చెట్టు వేరుకు తగిలిన నీరే పక్కింటి కారు షెడ్డు అడుగునా ఉంది. అందుకే కొత్తపేటలో సరిపోయిన సలహా రాజోలులో సరిపోదు.

షీటు, దాని కింద కంకర

గచ్చును కాపాడే పనిలో సగానికి పైగా కాంక్రీటు లారీ రాకముందే అయిపోవాలి. ఇక్కడ కాస్త ఓపికగా చదవమని నా మనవి. తర్వాత తేలిగ్గా దిద్దుకోలేని చోటు ఇదొక్కటే.

మెరక చేయడం మనకు అలవాటే. ఏ ఇల్లు కట్టినా రోడ్డుకంటే రెండు మూడు అడుగులు ఎత్తు లేపుతాం. ఆ మెరకను ఏటి ఇసుకతోనో చెరువు మట్టితోనో నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టి, దాని మీదే కాంక్రీటు పోసేస్తాం. సన్న ఇసుక, బంకమట్టి రెండూ దీపపు వత్తి నూనె పీల్చినట్టు నీటిని పైకి లాగుతాయి. రేణువుల మధ్య సందు ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తు ఎక్కుతుంది. సందు పెద్దదైతే ఎక్కలేదు. అందుకే మెరక మీద నాలుగంగుళాల మందాన కంకర పొర వేయాలి. పొడి లేకుండా జల్లించిన కంకరైతే మరీ మంచిది. నీరు ఎగబాకడం అక్కడ ఆగిపోతుంది. కంకర మొనలు గుచ్చుకోకుండా పైన పల్చగా ఇసుక చల్లి, 250 మైక్రాన్ల మందానికి తగ్గని పాలిథిన్ షీటు పరవాలి. ఒక షీటు మీద ఇంకొకటి కనీసం ఆరంగుళాలు ఎక్కి ఉండాలి, అతుకుకు టేపు వేయాలి, అంచులు గోడ పక్కన పైకి మడవాలి. తర్వాత దాని మీద పలుగులు పారలు పడేయకుండా కాపలా ఉండాలి. ఒక్క చిల్లు చాలు, చెమ్మ దాన్నే వెతుక్కుంటూ వస్తుంది.

ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న షెడ్డుకు మడతలతో కలిపి 250 చదరపు అడుగుల షీటు సరిపోతుంది. ఆ షెడ్డుకు పెట్టే సిమెంటు ఖర్చు పక్కన ఆ షీటు ఖర్చు లెక్కలోకే రాదు. అయినా మన ఊళ్లలో నూటికి ఎన్ని ఇళ్ల కింద అది ఉంటుందని అడిగితే మేస్త్రీలే నవ్వేస్తారు. అడిగేవాళ్లు లేరు కాబట్టి వేసేవాళ్లూ లేరు. ఈ వ్యాసం చదివి ఒక్కరు అడిగినా నాకు సంతోషమే.

బస్తాకు ఎన్ని నీళ్లు?

కాంక్రీటు పోసే రోజు షెడ్డు దగ్గర వినిపించే మాట ఒకటుంది. "కొంచెం నీళ్లు పొయ్యమనండి బాబుగారూ, గట్టిగా ఉంటే బద్ద లాగడానికి రాదండి." మేస్త్రి మాట అబద్ధం కాదు. గట్టి మాలుతో పనిచేస్తే నడుం పడిపోతుంది. కానీ ఆ బకెట్టే గచ్చు ఆయుష్షును తగ్గించేది.

యాభై కిలోల సిమెంటు బస్తా రసాయనికంగా గట్టిపడటానికి నిజంగా వాడుకునే నీరు పన్నెండు లీటర్ల లోపే. పని చేయడానికి వీలుగా ఉండాలి కాబట్టి పాతిక లీటర్ల దాకా పోస్తాం. మిగిలిన నీరు మెల్లగా ఆవిరైపోతుంది. పోతూ పోతూ తను నడిచిన దారుల్ని గొట్టాల్లా వదిలేస్తుంది, కంటికి కనబడనంత సన్నటి గొట్టాలు. రేపు చెమ్మ పైకి వచ్చేదీ, ఇంజిన్ ఆయిల్ కిందికి దిగేదీ వాటిలోంచే. నీరు పెరిగే కొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని చికాగోలో డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే తేల్చి చెప్పాడు. నూరేళ్లు దాటినా ఆ సూత్రం చెక్కు చెదరలేదు. సముద్రతీర వాతావరణంలో ఊచలు లేని కాంక్రీటుకు సైతం సిమెంటు బరువులో సగానికి మించి నీరు ఉండకూడదని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అంటే బస్తాకు పాతిక లీటర్లు, తడి ఇసుకలో ఉన్న నీటితో కలిపి.

మన ఇరవై బై పది షెడ్డు నాలుగంగుళాల మందాన పోస్తే దాదాపు 67 ఘనపుటడుగుల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లలో సుమారు పదిహేను బస్తాలు పడతాయి. బస్తాకు అయిదు లీటర్లు ఎక్కువ పోశారంటే ఆ చిన్న గచ్చులోంచి 75 లీటర్ల నీరు అనవసరంగా ఆవిరై దారులు చేసుకుని పోయినట్టు. మాలు జారుగా కావాలంటే నీళ్లకు బదులు కాంక్రీటులో కలిపే ప్లాస్టిసైజర్ దొరుకుతుంది. అమలాపురం హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే ఇస్తారు. బద్ద హాయిగా లాగుతుంది, గొట్టాలు తగ్గుతాయి.

సిమెంటు ఏది అని అడుగుతారు. ఉప్పు నేలకు స్లాగ్ సిమెంటు మంచిది. ఇనుము తీసే కొలిమి నుంచి వచ్చే చిట్టెంతో తయారయ్యే ఈ సిమెంటులో రంధ్రాలు సన్నబడి ఉప్పు తొందరగా చొరబడదు. బూడిద కలిసిన పీపీసీ కూడా పనికొస్తుంది. రెండూ నెమ్మదిగా గట్టిపడేవే కాబట్టి నీళ్లు ఎక్కువ రోజులు పట్టాలి.

ఇసుక సంగతి. ర్యాంపులో ఇసుక అంటే గోదావరి ఇసుకే, కానీ గోదావరి అంతా ఒకటి కాదు. వేసవిలో ధవళేశ్వరం దిగువన ప్రవాహం సన్నగిల్లినప్పుడు సముద్రపు పోటు పాయల్లోకి చాలా దూరం ఎగదన్నుతుంది. అలాంటి చోట తీసిన ఇసుకను తియ్యటి నీళ్లతో కడగకుండా వాడితే ఉప్పును మన చేత్తో మనమే గచ్చులో కలిపినట్టు. గుప్పెడు ఇసుక కాసిని మంచినీళ్లలో కలిపి, తేరాక ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే కొంత తెలిసిపోతుంది. లాబ్‌లో పరీక్ష చేయిస్తే మరీ మంచిది. కలిపే నీళ్లకూ హద్దు ఉంది. ఊచలున్న కాంక్రీటుకైతే లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదు, ఊచలు లేనిదానికి 2000 దాకా పరవాలేదు. రాజోలు వైపు చాలా బోర్లు ఈ పరీక్షకు నిలబడవు.

ఊచల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జల్లెడలా కట్టిన ఊచల్ని ఇసుక మీద పడేసి దాని మీద కాంక్రీటు పోసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. అడుగున పడుకున్న ఆ ఊచకు తుప్పు పట్టడం ఖాయం. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, గచ్చును కింది నుంచి పగలగొడుతుంది. వేస్తే కవర్ బ్లాకుల మీద లేపి మందంలో పై సగానికి తేవాలి. లేదంటే మామూలు కారుకు ఊచలు లేని గచ్చే నయం. పదేసి అడుగులకు ఒక గాడి కోస్తే చాలు. కాంక్రీటు పోసిన మర్నాటిలోగా మందంలో నాలుగో వంతు లోతున కోస్తే పగులు వచ్చినా ఆ గాడిలోనే వస్తుంది. కోయకపోతే దానికిష్టమైన చోట వస్తుంది.

కాలువ నీళ్లున్నప్పుడే

మేస్త్రీలు గచ్చు పనికి ఎండాకాలమే మంచిదంటారు, ఇంటివాళ్లూ అదే ఇష్టపడతారు. వానలుండవు, పని ఆగదు. కానీ ఆ రోజుల్లో కాలువలు కట్టేసి ఉంటాయి. ఇంట్లో మిగిలేది ఉప్పు బోరే. ఉప్పు నీళ్లతో ఏడు రోజులు తడిపిన గచ్చులో ఆ ఉప్పే మిగిలిపోతుంది. నా మాట వింటే కాంక్రీటు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పోయించండి. ఎండ మెత్తగా ఉంటుంది, కాలువలో తియ్యటి నీరు పారుతుంటుంది.

ఆ నీరు రాజోలుకు ఎలా వస్తోందో తలుచుకుంటే కడుపు నిండుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1850ల తొలినాళ్లలోనే, కాటన్ దొర కింద పనిచేసిన లెఫ్టినెంట్ హేగ్ గన్నవరం దగ్గర వైనతేయ మీద ఆక్విడెక్టు కట్టించాడు. ఏటి మీదుగా కాలువను నడిపించి నగరం దీవికి మంచినీరు అందించారు. అప్పటికి మన దేశంలో సిమెంటు ఫ్యాక్టరీ లేదు. ఆ కమానులు నిలబడింది సున్నం మీద. తరువాత దాని పక్కనే కట్టిన కొత్త ఆక్విడెక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఇవాళ రాజోలులో గచ్చు తడపడానికి కాలువలో ముంచే ప్రతి బిందె అలా వైనతేయ దాటి వచ్చిందే.

తడపడం అంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గొట్టంతో చల్లడం కాదు. మధ్యాహ్నానికి ఎండి, సాయంత్రం తడిసి, రాత్రికి ఎండే గచ్చు పైపొర బలపడదు. వరిచేలో గట్లు పెట్టినట్టు చుట్టూ మట్టితో మళ్లు కట్టి రెండంగుళాల నీరు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, స్లాగ్ లేదా పీపీసీ అయితే పద్నాలుగు రోజులు. తడి గోనె సంచులు కప్పి పైన ప్లాస్టిక్ పరిచినా సరే. మన దగ్గర చవగ్గా దొరుకుతాయి కదా అని కొబ్బరి డొక్కలు, పీచు పరుస్తారు. వద్దు. డొక్కలోంచి కారే రసం లేత గచ్చులోకి దిగి గోధుమ రంగు మచ్చగా ఉండిపోతుంది. ఆ మచ్చ తర్వాత ఓ పట్టాన పోదు.

పోసిన రోజు సాయంత్రం ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. పైకి నీరు తేలుతుంటే ఆ తడి మీద పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్ది నునుపు తెస్తారు. ఆ నునుపు బలహీనమైన పొర. ఏడాదికల్లా చీపురుకు బూడిదలా రాలుతుంది. తేలిన నీరు ఆరేదాకా ఆగి, అప్పుడు రుద్దితే చాలు. వాటం మరచిపోకండి. అడుగుకు పావంగుళం చొప్పున బయటికి వాటం ఉంటే వాన నీరు, కారు కడిగిన నీరు గచ్చు మీద నిలవవు.

అమ్మమ్మల ఎర్రగచ్చు

సిమెంటు రాకముందు కోనసీమ మండువా లోగిళ్లలో గానుగ సున్నం గచ్చు ఉండేది. సముద్రపు గుల్లలు కాల్చి తీసిన సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి వేసేవాళ్లు. చెమ్మ ఆ గచ్చులోంచి వచ్చేది, పోయేది. ఎవరూ దాన్ని ఆపలేదు, గచ్చూ చెడలేదు. తరువాత కావిరంగు కలిపిన ఎర్ర సిమెంటు గచ్చులు వచ్చాయి. పండగ ముందు కొబ్బరినూనె గుడ్డతో వాటిని రుద్దేవాళ్లు. ఆ మెరుపు చూసినవాళ్లు ఇప్పుడూ, "కారు షెడ్డుకు కూడా కొబ్బరినూనె పట్టిస్తే సరిపోదా?" అని అడుగుతుంటారు.

సరిపోదు. అవిసె నూనె గాలి తగిలితే ఆరి గట్టి పొర కడుతుంది. అమెరికాలో కాంక్రీటు రోడ్లకు, వంతెనలకు ఒకప్పుడు దాన్ని పూసేవాళ్లు. కొబ్బరినూనెకు ఆరే గుణం లేదు. పడిన చోటే జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. పైగా ముక్కిన కొబ్బరినూనెలోని ఆమ్లాలు సిమెంటులోని సున్నంతో కలిసి సబ్బుగా మారి గచ్చును మెల్లగా తినేస్తాయి. అంబాజీపేట చుట్టుపక్కల నూనె మిల్లుల్లో గానుగల దగ్గర గచ్చు ఎలా గుంటలు పడుతుందో చూసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. కారు షెడ్డులో కురిడీలు, కొబ్బరికాయల రాశి పోసుకునే అలవాటు మనకుంది కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిందే. కింద టార్పాలిన్ పరవండి.

మూయాలా, ఊపిరి తీసుకోనివ్వాలా

ఇప్పుడు పైపూత. ముందు గచ్చు పోసి 28 రోజులు దాటాలి. ఇంకా మంచిది, ఒక వానాకాలం చూడనివ్వడం. జనవరిలో పోసిన గచ్చును ఆగస్టులో పరీక్షించండి. పరీక్షకు మిషను అక్కర్లేదు. అడుగున్నర చదరం పారదర్శక ప్లాస్టిక్ ముక్క తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గచ్చుకు అంటించి, పదహారు గంటలు వదిలేయండి. సాయంత్రం అంటిస్తే మర్నాడు పొద్దున చూడొచ్చు. ఎండ నేరుగా తగలని చోట, గోడ పక్కన ఒకటి, నడి మధ్యన ఒకటి అంటించాలి. ప్లాస్టిక్ లోపలి వైపు చిన్న చిన్న నీటి బొట్లు కనబడినా, కింద గచ్చు రంగు నల్లబడినా చెమ్మ పైకి వస్తున్నట్టే. ఏ మార్పూ లేకపోతే పైపూతకు సిద్ధమే.

పైపూతలు రెండు జాతులు. గచ్చు మీద పొరలా పరుచుకునేవి ఒకటి: ఎపాక్సీ, ఆక్రిలిక్, పాలీయూరిథేన్. గచ్చు లోపలికి ఇంకి కనబడకుండా పనిచేసేవి రెండోది. సైలేన్, సైలాక్సేన్ అనే మందులు రంధ్రాల గోడలకు పట్టుకుని నీటిని దూరంగా నెడతాయి, కానీ రంధ్రాన్ని మూయవు. ఆవిరి వచ్చిపోతుంది. సోడియం, లిథియం సిలికేట్లతో చేసే డెన్సిఫయర్లు గచ్చులో మిగిలిన సున్నంతో కలిసి గట్టిపడి, దుమ్ము రాలడాన్ని తగ్గిస్తాయి.

కింద షీటు వేసి, ఆగస్టు పరీక్షలో పొడిగా తేలిన షెడ్డుకు నా ఓటు సైలేన్ లేదా సైలాక్సేన్‌కే. తుడిచి, ఆరనిచ్చి, బ్రష్షుతోనో స్ప్రేతోనో నిండుగా పట్టిస్తే గచ్చు రంగు మారదు, జారదు. వాన నీరు బొట్లుగా నిలిచి వాటం వెంట పోతుంది. మెరుపు కావాలనుకునేవాళ్లు ఎపాక్సీ వేసుకోవచ్చు, కానీ ముందు గచ్చును యంత్రంతో గరుకు చేయించాలి. పనివాళ్లు యాసిడ్ పోసి కడుగుతామంటే ఒప్పుకోకండి. బజారు యాసిడ్‌లోని క్లోరైడు ఊచలకు తుప్పు తెస్తుంది, సిమెంటు పైపొరను తినేస్తుంది. ఎండలో నిలిపిన కారు వేడి టైర్లు పల్చటి పూతను అంటుకుని లేపేస్తాయి. ఎండ నేరుగా పడే పోర్టికోలో ఎపాక్సీ పసుపు తిరుగుతుంది. అక్కడ పైన పాలీయూరిథేన్ పూత ఉంటే నిలుస్తుంది.

ఇక షీటు లేకుండా ఇప్పటికే పోసేసిన గచ్చు. కోనసీమలో ఎక్కువ ఇళ్ల పరిస్థితి ఇదే. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి చాకిరీ చేసిన డబ్బుతో కట్టుకున్న ఇళ్లు కూడా వీటిలో ఉన్నాయి, కాబట్టి ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి. కింద తియ్యటి నీరైతే, పరీక్షలో చెమ్మ కొద్దిగానే కనిపిస్తే, ఆవిరిని వదిలే సైలేన్ వేసుకోవచ్చు. కింద ఉప్పు నీరైతే అది కూడా వద్దు. ఉప్పుతో పైకి వచ్చే నీరు మందు పట్టిన పొర కిందే ఆవిరైపోతుంది. ఉప్పు అక్కడే స్ఫటికాలు కట్టి ఉబ్బి, పైపొరను పెచ్చులుగా లేపుతుంది. ఏమీ వేయకుండా వదిలేస్తే ఆ ఉప్పు పైకి వచ్చి తెల్లటి పొరగా కనిపిస్తుంది. చూడటానికి బాగుండదు, కానీ గచ్చు బతుకుతుంది. ఆ తెల్లపొరను నీళ్లతో కడగొద్దు. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టి చీపురుతో ఊడ్చి, ఎత్తి దూరంగా పారేయాలి. దుమ్ము రాలుతుంటే డెన్సిఫయర్ పట్టించండి. చుట్టూ నీరు నిలవకుండా బోదె తవ్వి మురుగు కాలువలోకి వదిలితే, పైపూతల కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది. మెరుపు మీద అంతగా మనసుంటే ఉన్న గచ్చు మీద షీటు పరిచి, పైన కొత్తగా నాలుగంగుళాల కాంక్రీటు పోయించుకోవాలి. గుమ్మం ఎత్తు దానికి ఒప్పుకోవాలి మరి.

ఇంజిన్ ఆయిల్ కారితే వెంటనే రైస్ మిల్లు ఊక చల్లి, పీల్చుకున్నాక ఊడ్చేయండి. తర్వాత సబ్బు పొడి నీళ్లతో రుద్దాలి. సైలేన్ వేసిన గచ్చు మీద కూడా ఆయిల్ రాత్రంతా ఉంటే మచ్చ పడుతుంది.

లంక గ్రామాలవాళ్లకు, ఏటిగట్టు కింద ఉన్నవాళ్లకు ఇంకో పని ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడు లంకల్లో ఇళ్లలోకి నీరు వచ్చింది. వరద తీశాక గచ్చు మీద మిగిలే ఒండ్రు తడిగా ఉన్నప్పుడే పారతో లాగి, కాలువ నీళ్లతో కడగాలి. ఎండనిస్తే రంధ్రాల్లో గట్టిపడి మరకగా నిలిచిపోతుంది. తరువాత కనీసం నెల రోజులు గచ్చును గాలికి వదిలేసి, ప్లాస్టిక్ ముక్కతో మళ్లీ పరీక్ష చేయాలి. పూత ఊడిన చోట్ల అతుకులు వేయించడం ఆ పరీక్ష అయ్యాకే. వరద బీమా ఉన్నవాళ్లు కడగకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.